మీటరు వెనకాల అంకె

పాత కార్ల బజారులో అతన్ని అందరూ వెనకడుగు మేస్త్రి అనేవాళ్ళు. అది తిట్టేమీ కాదు, బిరుదు. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే మీటరును వెనక్కి తిప్పడంలో అతని చేతికి తిరుగులేదు. లక్షన్నర తిరిగి నడుము పడిపోయిన బండి పొద్దున్నే అతని బల్ల దగ్గరికి వస్తే, భోజనాల వేళకి నలభై వేల పడుచు బండై బయటికి వెళ్ళేది. ఎవరైనా ఇది తప్పు కదా అని నసిగితే జవాబు నాలిక చివరే ఉండేది. "జుట్టుకి రంగేసుకుని మనుషులు వయసు దాచుకోవట్లేదా? బండి దాచుకుంటేనే వచ్చిందా తప్పు?" అనేవాడు. అడిగినవాడి జుట్టుకీ రంగే ఉండేది కాబట్టి మాట అక్కడితో ఆగిపోయేది.

బజారు చివర, అమ్మకానికి బారులు తీర్చిన నలభై యాభై కార్ల వెనకాల, రేకుల కప్పు గది అతనిది. ఒక బల్ల, దాని మీద మెడ వంచిన దీపం, పగిలిన టీ గ్లాసులో నిలబెట్టిన సన్నపాటి స్క్రూడ్రైవర్లు, రెండు మీటలు ఊడిపోయిన కంప్యూటరు. అంతే సామాను. మీటరు డబ్బాని కారులోంచి ఊడదీసి, వెనకమూత విప్పి, నాలుగు తీగలు తగిలించి, కొత్త అంకె ఎక్కించి మళ్ళీ బిగిస్తే పని అయిపోయినట్టే.

కానీ బిగించే ముందు అతను ఇంకొకటి చేసేవాడు. మూత లోపలివైపు తెల్లటి ప్లాస్టిక్ మీద ఎర్ర పెన్సిలుతో అసలు అంకె రాసేవాడు, బండి నిజంగా తిరిగిన కిలోమీటర్లు. పని నేర్పిన గురువు దగ్గర వచ్చిన అలవాటది. "అబద్ధం ఆడేవాడికి నిజం ఎక్కడ పెట్టాడో గుర్తుండాలిరా, లేకపోతే రెండూ పోతాయి" అనేవాడాయన. బండి ఎక్కడో గుద్దుకుని నుజ్జునుజ్జయి తుక్కు కింద పోయేటప్పుడు, మేస్త్రి దాని మీటరు డబ్బా పనికొస్తుందని ఊడదీసుకుని, చివరి అంకె రాసి, కింద రెండు గీతలు కొట్టేవాడు. రెండు గీతలంటే ఆ బండి పని ముగిసిందని. ఈ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

కొన్నేళ్ళుగా బజారుకి మతి పోయింది. పాతబడ్డ బండ్లని రోడ్డెక్కనివ్వరట అని ఒక వారం పుకారు లేచేది. అంతే, జనం బండ్లు తెచ్చి చెత్త పారబోసినట్టు పారబోసి పోయేవాళ్ళు. ఇంకో వారం కొత్త కార్లలో పెట్టే చిప్పులేవో దొరకట్లేదని, ఇవాళ డబ్బు కడితే తొమ్మిది నెలలకి గానీ బండి రాదని తెలిసేది. మళ్ళీ అదే జనం పరిగెత్తుకొచ్చి, తాము పారబోసిందాన్నే రెండింతలు పెట్టి కొనుక్కునేవాళ్ళు. ఉన్న బండిని ఉంచుకోవాలో, అమ్మాలో, మార్చాలో ఎవరికీ తెలియదు. బజారు యజమానికి మాత్రం ఏ గాలి వీచినా లాభమే. అందుకే అతన్ని వెనకాల గాలివాటం అనేవాళ్ళు. ముందు కూడా అనేవాళ్ళేమో, అతను పట్టించుకునే రకం కాదు.

ఈ గందరగోళంలో ఒకే బండి చేతులు మారి మారి మళ్ళీ బజారుకే రావడం మామూలైంది. బూడిదరంగు కారు కూడా అలాగే వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు మేస్త్రి దానికి అరవై వేలు తగ్గించి, మూత లోపల 92,300 అని రాసి పంపాడు. రెండేళ్ళకి అదే బండి రెండోసారి వచ్చింది. మీటరు 77,040 చూపిస్తోంది. తాను తగ్గించిన అరవై వేలు కలిపితే 1,37,040 అని నోటితోనే లెక్క కట్టుకుని మూత విప్పాడు.

లోపల 92,300 ఉంది. దాని కింద ఎర్ర పెన్సిలుతో 1,37,040 అని కూడా ఉంది.

మేస్త్రి దీపం దగ్గరికి లాక్కుని చూశాడు. రాత అతనిదే. ఏడుకి నడుం మీద అడ్డగీత, సున్నా పైన చిన్న కొక్కెం. బజారులో ఇంకెవరూ అలా రాయరు. వయసు మీద పడింది, రాసి మరచిపోయి ఉంటాను అనుకున్నాడు. ఇవాళ్టి అంకెని ఇవాళ మూత విప్పకముందే ఎలా రాస్తాడు అన్నది మాత్రం ఆలోచించలేదు. ఆలోచిస్తే చెయ్యి ఆడదు, చెయ్యి ఆడకపోతే పూట గడవదు. ఇంకో నలభై వేలు తగ్గించి పంపేశాడు.

మూడోసారి వచ్చినప్పుడు మూత విప్పడానికి అతని వేళ్ళు మొరాయించాయి. విప్పాడు. మూడో అంకె రాసుంది, 1,75,615. కిలోమీటరు కూడా తేడా లేదు. వేలు పెట్టి రుద్దితే ఎర్ర పొడి వేలికంటింది, ఇప్పుడే రాసినట్టు. ఆ రోజు మేస్త్రి ముప్పై ఐదు వేలు తగ్గించి, తొందర తొందరగా బిగించి, "ఈ బండిని దూరపు వాళ్ళకెవరికైనా అంటగట్టు" అని యజమానికి చెప్పాడు. "ఏం, దీనికేమైనా కొమ్ములున్నాయా?" అని నవ్వాడు గాలివాటం.

సరిగ్గా అప్పుడే మేస్త్రి కూతురి కారు ఇంజను పట్టేసింది.

అతనికి ఒక్కతే కూతురు. భార్య పోయాక ఆ పిల్లే అతనికి లోకం. పక్షవాతం వచ్చి కాళ్ళు చచ్చుబడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, కసరత్తులు చేయించి, మళ్ళీ నడిపించడం ఆమె పని. రోజుకి ఐదారిళ్ళు, ఊరికి ఆ చివరొకటి, ఈ చివరొకటి. అల్లుడు రంగుల కంపెనీలో పనిచేస్తూ నెలకి ఇరవై రోజులు ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. ఆరేళ్ళ మనవరాలిని బడికి దింపడం, తేవడం కూడా కూతురి పనే. బండి లేకపోతే ఒక్కపూట కూడా కుదరదు. "కొత్తది కొనుక్కో, తొమ్మిది నెలలు ఎలాగో సర్దుకో" అని తండ్రి పోరు పెట్టాడు. "నీ బజారులో ఏదైనా చూడు నాన్నా" అంటే మాట దాటేసేవాడు. ఎందుకు దాటేస్తున్నాడో ఆమెకి అర్థమయ్యేది కాదు. తన తండ్రి ఆగిపోయిన మీటర్లు బాగుచేస్తాడనే ఆమెకి తెలుసు.

ఒక ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు హారన్ మోగింది. మేస్త్రి తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. బూడిదరంగు కారు. స్టీరింగు దగ్గర కూతురు, వెనక సీట్లో చేతులూపుతూ మనవరాలు.

"ఎలా ఉంది నాన్నా? నీకు చెప్పకుండానే కొన్నా. పదిరోజులైంది, నువ్వు తిడతావని చూపించలేదు" అంది కూతురు.

"ఎక్కడ కొన్నావు?" అడిగాడు.

"ఇంకెక్కడ, గాలివాటం బాబాయి దగ్గరే. మేస్త్రి కూతురివి కాబట్టి మంచి బండి చూసి ఇస్తున్నానన్నాడు. నలభై వేలే తిరిగింది చూడు. అయినా మా నాన్న పనిచేసే చోట నన్నెవరు మోసం చేస్తారు?"

దొంగకి తేలు కుట్టినట్టయింది మేస్త్రికి. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. "ఒకసారి చూసిస్తా, టీ తాగుతూ ఉండండి" అని వాళ్ళని లోపలికి పంపి, స్క్రూడ్రైవరు తెచ్చి, కారులో వంగి, డబ్బా ఊడదీసి మూత విప్పాడు.

మీటరు 41,310 చూపిస్తోంది. తాను మూడుసార్లలో తగ్గించింది మొత్తం లక్షా ముప్పై ఐదు వేలు. అంటే అసలు తిరిగింది 1,76,310. ఆ అంకె మూతలో ఉంటుందని తెలుసు, ఉంది. అతని చూపు ఆగింది అక్కడ కాదు. దాని కింద ఇంకో అంకె ఉంది. 1,76,950. బండి ఇంకా అంత దూరం తిరగనే లేదు. ఆ అంకె కింద రెండు గీతలు ఉన్నాయి, స్కేలు పెట్టకుండా, అతను కొట్టినట్టే కొంచెం కుడివైపుకి వాలి.

ఆరువందల నలభై కిలోమీటర్లు. కూతురు రోజుకి డెబ్బై, ఎనభై తిరుగుతుంది.

లోపల మనవరాలు కిలకిలా నవ్వుతోంది. భయమంటే ఏమిటో మేస్త్రికి ఆ పూట తెలిసింది.

ఉన్నదున్నట్టు చెప్పేస్తే సరిపోయేది. కానీ చెప్పాలంటే ముందు తానేం పని చేస్తాడో చెప్పాలి. ఆ పిల్ల కళ్ళలో తన బొమ్మ చెరిగిపోతుంది. కూతురి ప్రాణమా, కూతురి దగ్గర పరువా అని ఎవరైనా అడిగితే అతను కొట్టినంత పని చేసేవాడు, అదేం ప్రశ్న అని. అయినా వారం రోజులు రెండూ దక్కించుకోవాలనే చూశాడు.

మొదటిరోజు ఇంజను బెల్టు మార్పించాడు. రెండోరోజు బ్రేకులు. మూడోరోజు నాలుగు టైర్లు. "నాన్నకి నామీద ఇంత ప్రేమ ఉందని బండి కొంటేగానీ తెలియలేదు" అని కూతురు మురిసిపోయింది. ఏది మార్చినా మూత విప్పి చూస్తే అంకె అలాగే ఉంది. గుడ్డతో తుడిచాడు, కిరసనాయిలుతో కడిగాడు. మర్నాటికి మళ్ళీ ఉంది. ఎర్ర పెన్సిలు తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. పొద్దున తీసి చూస్తే ముక్కు అరిగి ఉంది. రెండు ముక్కలు చేసి కాలువలో పారేశాడు. అయినా అంకె పోలేదు.

ఐదోరోజు ఏకంగా మీటరు డబ్బానే మార్చేశాడు. సీలు విప్పని కొత్త డబ్బా, లోపల మచ్చ లేని తెలుపు. పాత మీటరు చూపించే అంకెనే అందులో ఎక్కించి బిగించాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు. ఏడోరోజు మూత విప్పాడు. ఐదు అంకెలూ వరసగా ఉన్నాయి, చివరిదాని కింద రెండు గీతలతో సహా. ఇది డబ్బాలో రాసి ఉన్నది కాదని, బండికే రాసి పెట్టి ఉన్నదని అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం కూతురు తన ఆడపడుచు ఇంటికి బయలుదేరింది. వెళ్ళడానికి తొంభై కిలోమీటర్లు, రావడానికి తొంభై. మేస్త్రి తెల్లవారగానే కూతురి ఇంటికి వచ్చి మీటరు చూశాడు. 41,835. మీటరు 41,950కి చేరితే ఆ గీతల అంకె వచ్చేసినట్టే, ఇంకా నూటపదిహేనే మిగిలింది. వెళ్ళడానికి సరిపోతుంది. తిరిగి రావడానికి చాలదు.

వంటింట్లో కూతురు మనవరాలిని ఎత్తుపీట మీద కూర్చోబెట్టి తల దువ్వుతోంది. గట్టు మీద నీళ్ళ సీసాలు, పిల్ల బట్టల సంచి సిద్ధంగా ఉన్నాయి.

"ఇవాళ బండి తియ్యొద్దు అమ్మడూ" అన్నాడు మేస్త్రి.

"మళ్ళీ మొదలెట్టావా? బెల్టు మార్చావు, బ్రేకులు మార్చావు, టైర్లు మార్చావు. ఇంక ఆ బండిలో పాతదాన్ని నేనొక్కదాన్నే" అని నవ్వింది.

"నేను మీటర్లు బాగుచెయ్యను తల్లీ."

"మరి?"

"వెనక్కి తిప్పుతాను."

దువ్వెన పిల్ల జుట్టులో ఆగిపోయింది. "నా బండికెంత?" అని అడిగింది కూతురు.

"లక్షా ముప్పై ఐదు వేలు."

"ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావీ పని?"

"నువ్వు బడికి వెళ్ళే రోజుల్నుంచి."

"అంటే నా చదువూ..."

"ఆ."

అంకె సంగతి కూడా చెప్పాడు. మూత, ఎర్ర పెన్సిలు, రెండు గీతలు, నూటపదిహేను కిలోమీటర్లు, ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. మనవరాలు పీట దిగి వచ్చి తాత మోకాలు నిమిరింది.

కూతురు అతని వంక తన రోగుల వంక చూసినట్టు చూసింది, ఏ కాలు పనిచేస్తోంది, ఏది పనిచేయట్లేదు అని. "ఆ అంకెని నేను నమ్మను నాన్నా. భయంతో నీకలా కనిపిస్తోందేమో. కానీ ఇన్నేళ్ళూ అబద్ధమాడావన్నావు చూడు, అది నమ్ముతున్నా. నా బిడ్డని ఆ అబద్ధంలో కూర్చోబెట్టి తిప్పను" అని, మేకుకున్న తాళంచెవి తీసి అతని ముందు పెట్టింది. "మేం బస్సులో వెళ్తాం. నువ్వు మాత్రం ఆ బండి ఇంకెవరి చేతుల్లోకీ వెళ్ళకుండా చూడు."

"అలాగే" అన్నాడు మేస్త్రి. ఆ అనడంలో అబద్ధమేమీ లేదు. అప్పటికి.

బజారుకి పన్నెండు కిలోమీటర్లు. ముసలి ఎద్దుని తోలుకెళ్ళినట్టు ఎడమ పక్కగా తోలుకెళ్ళాడు. వెనకాల వచ్చినవాళ్ళు హారన్లు మోగించారు, కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టారు. తిట్లు అతనికి చల్లగా వినిపించాయి. చేరేసరికి మీటరు 41,847. తన గది వెనక గోడవారగా ఆపి, ఇంజను మీది మూత ఎత్తి, బ్యాటరీ తీగ పీకి పక్కకి వంచాడు. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలాడు.

గాలివాటం ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు. పాత బండ్ల రూలు ఇంకో రెండేళ్ళు వాయిదా పడిందని ఆ పొద్దున్నే తెలిసిందట. బజారు తిరనాళ్ళలా ఉంది. బండికి బండి చూసుకోకుండా కొంటున్నారు. మేస్త్రి వెళ్ళి తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయి బండి వెనక్కి తెచ్చా. తుక్కుకి పంపించెయ్యి" అన్నాడు.

"ఏమైంది దానికి?"

ఇక్కడే ఉంది అసలు సంగతి. నిజం నాలిక మీదికి వచ్చింది. ఇంట్లో కూతురి ముందు ఏడుస్తూ చెప్పినదే, మళ్ళీ ఒక్కసారి చెబితే చాలు. కానీ చుట్టూ పదిమంది ఉన్నారు. వెనకడుగు మేస్త్రికి పెన్సిలు రాతలు కనిపిస్తున్నాయట అని బజారంతా చెప్పుకుని నవ్వుతారు. రేపట్నుంచి మీటరు తెచ్చి చేతిలో పెట్టేవాడు ఉండడు. అదీగాక, నిజం చెప్పుకుందాం, కూతురు బండి దిగిపోయింది, మనవరాలు దిగిపోయింది. గుండెల మీద బండ దిగిపోయింది. మనిషికి సొంతవాళ్ళు గట్టెక్కాక నోరు ఎందుకో బరువెక్కుతుంది.

"ఇంజను పోయింది" అన్నాడు మేస్త్రి.

"సరేలే, బుధవారం తుక్కు లారీ వస్తుంది, ఎక్కిద్దాం" అని గాలివాటం మళ్ళీ ఫోనెత్తాడు.

మేస్త్రి ఇంటికెళ్ళి పడుకున్నాడు. వారం రోజుల నిద్ర ఒక్కసారి మీద పడింది. సోమవారం ఒళ్ళు వెచ్చబడి పనికి వెళ్ళలేదు. కూతురు జావ కాచి తెచ్చింది. మాటలు తక్కువగానే ఉన్నాయి కానీ గిన్నె పక్కనే కూర్చుంది, అది చాలనుకున్నాడు. "ఆ బండి?" అని అడిగింది. "తుక్కుకి చెప్పేశా" అన్నాడు. "మంచిపని చేశావు" అంది. చాలా ఏళ్ళ తర్వాత కూతురు తనని మెచ్చుకుందని అతను సంతోషపడ్డాడు.

మంగళవారం పదకొండింటికి బజారుకి వెళ్ళాడు. తన గది వెనక గోడవార ఖాళీగా ఉంది. నేల మీద ఆరని నూనె చుక్కలు రెండు ఉన్నాయి.

"లారీ ముందే వచ్చిందా?" అని అడిగాడు యజమానిని.

గాలివాటం పగలబడి నవ్వాడు. "నీకు నిజంగానే వయసైపోయింది మేస్త్రీ! ఇంజను పోవడమేంటి? బ్యాటరీ తీగ ఊడింది, అంతే. బిగిస్తే గుర్రంలా లేచింది. కొత్త బెల్టు, కొత్త టైర్లు, కొత్త బ్రేకులు! బజారులో అంతకన్నా మంచి బండి లేదివాళ. పొద్దున తెరవగానే అమ్ముడుపోయింది. నీ అమ్మాయికి ఇంకోటి చూద్దాంలే."

"ఎవరికి? ఎవరికి అమ్మావు?"

"ఎవరో తండ్రీకూతుళ్ళు. అమ్మాయికి కొత్తగా ఉద్యోగం వచ్చిందట, తండ్రి కొనిపెట్టాడు. పక్క ఊరివాళ్ళు, వందకి కాస్త అటూ ఇటూ ఉంటుంది దూరం. అమ్మాయే తోలుకుంటూ వెళ్ళింది."

మిగిలింది నూటమూడు కిలోమీటర్లు. బల్ల మీది రసీదు పుస్తకం లాక్కుని, తండ్రి నంబరు వెతికి, నొక్కాడు. మూడుసార్లు మోగాక ఎత్తారు. వెనకాల గాలి హోరు, పాట, ఎవరో ఆడపిల్ల కూనిరాగం వినిపిస్తున్నాయి.

"అయ్యా, పొద్దున బూడిదరంగు కారు కొన్నది మీరే కదండీ?"

"అవును. ఎవరు?"

"నేను ఆ బజారులో మీటరు మేస్త్రినండీ. మీకు దండం పెడతా, బండి పక్కకి తీసి ఆపించండి. ఇప్పుడే."

"ఎందుకటా?"

మేస్త్రి చెప్పాడు. గాలివాటం వింటున్నాడు, బేరాలకొచ్చినవాళ్ళు వింటున్నారు, అయినా చెప్పాడు. మీటరు తానే తిప్పానని, అది లక్షా డెబ్బై ఆరు వేలు దాటిన బండని, దానికి ఒక అంకె రాసి ఉందని, ఆ అంకె దాటదని. ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఆ పక్క తండ్రి ఓపిగ్గా అంతా విన్నాడు. తర్వాత నవ్వాడు.

"అయిందా? పొద్దుటికీ ఇప్పటికీ ధర ఎంత పెరిగిందేంటి? పోయిన నెల మా తోడల్లుడికీ ఇలాగే ఫోను వచ్చింది. బండిలో దోషం ఉంది, మీ మంచికోరి చెబుతున్నాం, వెనక్కి ఇచ్చేయండి అని. వాడు అమాయకుడు, ఇచ్చేశాడు. వారం తిరక్కుండా అదే బండిని ఇంకొకడికి ఎక్కువకి అమ్ముకున్నారు. మేమూ అలాగే కనిపిస్తున్నామా?"

"అయ్యా, అది కాదు. మీటరు మీద ఎంతుందో ఒక్కసారి చూసి చెప్పండి."

"అదీ చెప్తా. అమ్మా, ఎంత తిరిగినట్టు చూపిస్తోంది?"

ఆడపిల్ల గొంతు ఉత్సాహంగా పలికింది. "నలభై ఒక్క వేల తొమ్మిది వందల నలభై ఆరు! ఎవరు నాన్నా ఫోను?"

"ఎవరో లేమ్మా, నువ్వు రోడ్డు చూడు. విన్నారా మేస్త్రిగారూ? నా కళ్ళ ముందు కనిపించేదాన్ని నమ్మాలా, మీ మాట నమ్మాలా?"

"మీ ఇల్లు ఇంకెంత దూరం?"

"వచ్చేశాం. నాలుగైదు కిలోమీటర్లు."

"అయ్యా, నాకూ ఒక కూతురుందయ్యా! ఆ బండి ముందు దానిదే! దాన్ని దింపేసి..."

దాన్ని దింపేసి ఏం చేశాడో చెప్పడానికి మాట రాలేదు.

"మీ అమ్మాయిని దింపేసి మా అమ్మాయిని ఎక్కించారన్నమాట. బాగుంది కథ. ఇంకోసారి ఫోను చేస్తే పోలీసులకి చెబుతా" అని ఆ తండ్రి పెట్టేశాడు.

మేస్త్రి మళ్ళీ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. చుట్టూ ఎవరూ నవ్వడం లేదు. గాలివాటం నవ్వు కూడా ఎప్పుడో ఆగిపోయింది. "మేస్త్రీ, ముందు నాకెందుకు చెప్పలేదయ్యా ఈ మాట?" అన్నాడు నెమ్మదిగా. మేస్త్రి మళ్ళీ నొక్కాడు.

ఐదోసారికి ఫోను ఎత్తారు. లేకపోతే దానంతటదే ఎత్తుకుందో. ఆ పక్కన మాట లేదు, పాట లేదు, గాలి హోరు లేదు. ఎవరో రోడ్డు పక్కన బండి ఆపి మలుపు లైటు వేసి ఉంచినట్టు, టిక్కు టిక్కుమని చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"అమ్మా" అన్నాడు మేస్త్రి. "తల్లీ, వినిపిస్తోందా?"

ఆ చప్పుడు చాలాసేపు అలాగే వినిపించింది. ఫోను చెవికి ఆనించుకుని అతను పిలుస్తూనే ఉన్నాడు.